ఎవరి కుర్చీ కదలదు

హెడ్డాఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ రెండో వారం

ఒరే బావమరిదీ,

క్షేమంగా చేరాను. ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే రెండో నిమిషంలోనే "బావా, ఇంకో కాల్ వస్తోంది" అంటావు. ప్లాంటు మేనేజర్‌వి, నీ తిప్పలు నీవి. మన శాంపిళ్ల వ్యాను పోత పోసిన ముక్కల్ని ఇక్కడి ల్యాబులో దించి ఖాళీగా తిరిగి వస్తుంది కదా. ఈ కవరు దాని డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు కూడా అతని చేతే పంపు. మీ అక్కతో మాత్రం రోజూ ఫోన్లోనే. లేకపోతే నన్ను బతకనివ్వదు.

మా గదికి కిటికీలు లేవు. ఒక గోడ నిండా తెల్లబోర్డు. సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున వచ్చిన నాయకురాలు పొద్దస్తమానం దాని మీద గీతలు గీస్తూనే ఉంటుంది. మేమందరం ఆవిడకు బోర్డమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆ సంగతి ఆవిడకు తెలుసనే నా అనుమానం. కొనడం, నిలవ ఉంచడం, తయారుచేయడం, అమ్మడం, లెక్కలు రాయడం, ఇవన్నీ మూడు ప్లాంట్లకూ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి రావాలట. మొదటి రోజే అడిగింది: "ఎవరు లేకపోతే పని ఆగిపోతుందో వాళ్లనే పంపమని మీ మేనేజర్లకు రాశాను. మీలో అలాంటివాళ్లు ఎందరు?"

ఎవరూ చెయ్యెత్తలేదు. రెండో ప్లాంటు నుంచి వచ్చినాయన రేపోమాపో రిటైరవుతాడు. మూడో ప్లాంటు నుంచి వచ్చినావిడ ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు. తీసేసినా లోటు లేని వాళ్లని పంపారన్నమాట. నేను మెల్లగా చెయ్యెత్తాను. గర్వంగా అనిపించిన మాట నిజం. నన్ను వదులుకోవడం నీకెంత కష్టమో నాకు తెలుసు.

భయం కూడా ఉంది. ఇంతకు ముందు కొన్న సాఫ్ట్‌వేర్ గతి ఏమైంది? స్టోర్స్‌లో ఆ కంప్యూటరు మీద గుడ్డ కప్పి, దాని మీద టీ గ్లాసులు పెట్టుకున్నాం. ఈసారి అలా కానివ్వకు.

నా సెక్షన్లో మిగిలిన ఇద్దరూ జాగ్రత్త. ప్లానింగ్ అంటే ఇప్పుడు వాళ్లే. మనమంతా మైకు అని పిలిచేవాడు యంత్రం యంత్రం తిరిగి ఏ పని ఎక్కడుందో అరిచి మరీ కనుక్కుంటాడు. నన్ను అన్నయ్యా అనే మన చెల్లెమ్మ ఏ పనికి సరుకుందో, దేనికి లేదో ముందే చూసి పెడుతుంది. అతనిది గొంతు, ఆమెది చూపు. రెండూ కావాలి.

నీ బావ


ఫ్యాక్టరీ, నా గది
ఏప్రిల్ చివర

బావా,

నవ్వుకోవద్దన్నావు గానీ నవ్వాను. డ్రైవరు అందరి ముందూ "సార్, మీకు హెడ్డాఫీసు నుంచి ప్రేమలేఖ" అంటూ చేతికిచ్చాడు.

నువ్వు వెళ్లాక ఇక్కడి సంగతి చెప్పమంటావా? సోమవారం పొద్దున భాగాలు బిగించే అసెంబ్లీలో పంపులన్నీ వరసగా నిలబడ్డాయి, ఒక్కదానికీ ఇంపెల్లరు లేదు. రెక్కల్లేని ఫ్యానుతో ఏం చేసుకుంటాం? ఇంపెల్లర్లు లేవన్నారు స్టోర్స్ వాళ్లు, ఇచ్చేశామన్నారు లేత్ వాళ్లు. మైకు షెడ్డంతా తిరిగి అరిచినా ఒక్కటీ దొరకలేదు. చెల్లెమ్మ మాత్రం నా వైపు చూసి "అన్నయ్య ఉండుంటే..." అని ఆగిపోయింది. సేల్స్ వాళ్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అయినా నిన్ను వెనక్కి పిలవను. నువ్వక్కడ ఉంటేనే ఇది గట్టెక్కుతుంది.

శుక్రవారం అందర్నీ షెడ్డులో నిలబెట్టి విషయం చెప్పాను. అంతా విన్నాక స్టోర్స్ పెద్దాయన ముందుకొచ్చాడు.

"సార్, ఇది సరుకు లెక్క తెలుసుకోడానికా, మనుషుల్ని తగ్గించడానికా?"

"సరుకు లెక్కకే పెద్దాయనా."

"మాటేనా?"

"మాటే. ఎవరి కుర్చీ కదలదు."

వెనక నుంచి మైకు "నాకసలు కుర్చీయే లేదు గదా సార్, రోజంతా తిరుగుడే!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వుతో సగం పని అయిపోయింది బావా. డైరెక్టర్లు నాతో అన్న మాటే నేను వాళ్లతో అన్నాను. నువ్వు కూడా ఎవరడిగినా నా మాటగా ఇదే చెప్పు.

నిన్న మీ ఇంటికి వెళ్లాను. అక్క బాగానే ఉంది. "కిటికీ లేని గదిలో పెట్టడానికి మా ఆయనేమన్నా బంగాళాదుంపల బస్తానా?" అని మీ బోర్డమ్మను అడగమంది.

నీ బావమరిది


హెడ్డాఫీసు, మూడో అంతస్తు
జూన్

బావమరిదీ,

ఒక నిజం చెప్తాను, కోప్పడకు. పెద్ద పంపు బాడీ పోత నుంచి అసెంబ్లీకి చేరడానికి మూడు వారాలు పడుతుందని ఇన్నేళ్లూ నీకు చెబుతూ వచ్చాను. నిజానికి రెండే చాలు. మూడోది నా నిద్ర కోసం. నేను చెప్పినదానికి నువ్వు ఇంకో వారం కలిపి సేల్స్‌కి చెబుతావని నాకు తెలుసు. వాళ్లెంత కలుపుతారో ఆ దేవుడికే తెలియాలి. బోర్డమ్మ ఆ మూడు వారాల్ని బోర్డు మీద రాసి, నా వైపు తిరిగి, "ఇందులో పని ఎంత, భయం ఎంత?" అంది. గదిలో అందరి ముందూ దొరికిపోయాను. ఆవిడ మాత్రం నవ్వి "మూడు ప్లాంట్లలోనూ ఇంతే. మీరొక్కరే ఒప్పుకున్నారు" అంది.

ఆవిడతో గొడవ కూడా పడ్డాను. నా పాత పట్టికలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్లుంటాయి కదా, కొత్త తెర కూడా అచ్చం అలాగే ఉండాలని పట్టుబట్టాను. "పాత అలవాటుకి కొత్త బట్టలు కుట్టమంటున్నారు. కుట్టి ఇస్తే మళ్లీ అదే పని చేస్తారు" అంది. కొన్నాళ్లు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఆ తర్వాత ఆలోచిస్తే ఆ ఎరుపు ఎందుకు పెట్టానో నాకే గుర్తు రాలేదు. ఎప్పుడో వెళ్లిపోయిన ఒక డైరెక్టరు అడిగాడని పెట్టినది, అలా ఉండిపోయింది. వెళ్లి ఆవిడకు టీ ఇప్పించాను.

ఇప్పుడు నీ పని. ఒకే బేరింగుకి స్టోర్స్‌లో ఒక పేరు, కొనేవాళ్ల దగ్గర ఇంకో పేరు, షెడ్డులో మరో ముద్దుపేరు ఉన్నాయి. చెల్లెమ్మ ఒక్కొక్కటీ వెతికి కలుపుతోంది, ఆమెను వేరే పనికి లాగకు. అది తెమలగానే ప్లాంటు ఆపి సరుకంతా లెక్కించాలి. లెక్క తప్పయితే ఈ సాఫ్ట్‌వేర్ మన అబద్ధాన్నే ఇంకాస్త వేగంగా చెబుతుంది, అంతే. జనం భయం లేనప్పుడే నిజం లెక్క చెబుతారు. కాబట్టి ఆ రోజు నువ్వు గదిలో కూర్చోకు.

చెల్లెమ్మ ఫోన్లో అడిగింది, "అన్నయ్యా, మన సెక్షను ఉంటుందా?" అని. నీ మాట చెప్పాను. "అయితే సరే" అని మళ్లీ బేరింగుల్లో పడింది.

నీ బావ


ఫ్యాక్టరీ, నా గది
జులై

బావా,

సరుకు లెక్క పూర్తయింది. నా చొక్కా చూస్తే అక్క ఉతకదు, తగలబెడుతుంది.

మొదటి పూట అంతా మౌనవ్రతమే. బయట కనిపించినవి లెక్కపెట్టించి, ఫోర్‌మన్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. టీ వేళకి మైకు బల్ల ఎక్కాడు. ఆ గొంతు నువ్వక్కడి నుంచే విన్నావేమో. "దాచినవన్నీ బయటికి తియ్యండి! ఎవర్నీ ఏమీ అనరు! సార్ మాటిచ్చారు, అన్న మాటిచ్చాడు, ఇంకేం కావాలి మీకు?"

 తర్వాత మెషిన్ షాప్ ఫోర్‌మన్ మెల్లగా వెళ్లి బీరువా వెనక నుంచి షాఫ్టుల కట్ట మోసుకొచ్చాడు. వెల్డింగువాళ్లు రాడ్ల పెట్టెలు తెచ్చారు. అసెంబ్లీవాళ్లు ఒక డ్రమ్ము దొర్లించుకొచ్చి బోర్లించారు. అందులో ఏమున్నాయనుకున్నావు? ఏప్రిల్లో లేవని నా ప్రాణాలు తోడిన ఇంపెల్లర్లు! "మళ్లీ దొరకవేమోనని దాచాం సార్" అన్నారు. తిట్టడానికి నోరు తెరిచాను. నీ మూడో వారం గుర్తొచ్చి మూసుకున్నాను.

స్టోర్స్ పెద్దాయన అన్నీ రాసుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు. "లెక్క తగ్గినప్పుడల్లా నన్ను దొంగను చూసినట్టు చూశారు సార్ ఇన్నేళ్లూ" అన్నాడు. నేను కూడా అలా చూసినవాణ్ణే బావా. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మన ప్లాంటును చూసి నాకింత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

నీ బావమరిది


హెడ్డాఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు

బావమరిదీ,

డైరెక్టర్ల అంతస్తు సెక్యూరిటీ ఆయన చెప్పాడు, నిన్న నువ్వొచ్చావట. మొదటి అంతస్తులో డైరెక్టర్లతో చాలాసేపు ఉన్నావట. బయటికొచ్చాక లిఫ్టు ముందు నిలబడి నిలబడి, అది వచ్చినా ఎక్కకుండా, మెట్లు దిగి వెళ్లిపోయావట.

ఇంత దూరం వచ్చి రెండు అంతస్తులు ఎక్కలేకపోయావా? పని తొందరైతే సరే. ఇంకేమన్నా ఉంటే చెప్పు. రెండో ప్లాంటు లెక్కలన్నీ తప్పని తేలింది, అక్కడ వాయిదా వేశారు. పైవాళ్లు కోపంగా ఉన్నారని విన్నాను. ఆ కోపం నీ మీద చూపించారా?

వచ్చే నెల షెడ్డులో అందరికీ శిక్షణ ఇవ్వాలి. నేనే వస్తున్నాను. అందరూ అడిగేది ఒక్కటే, తర్వాత మా సంగతేమిటని. నీ మాటే చెప్పనా?

నీ బావ


ఫ్యాక్టరీ
ఆగస్టు చివర

బావా,

ఆ రోజు తలనొప్పిగా ఉండి వెళ్లిపోయాను, అంతకంటే ఏమీ లేదు. పైవాళ్లవి మామూలు విషయాలే. గడువు దాటకూడదన్నారు.

శిక్షణకు కావలసిన తెరలు, బల్లలు ఏర్పాటు చేయించాను. ఆ వారం నేను టూర్లో ఉండొచ్చు. నువ్వున్నావుగా.

చెప్పేదేముంది, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పు.

బావమరిది


హెడ్డాఫీసు
సెప్టెంబరు చివర

బావమరిదీ,

నేనక్కడున్నన్నాళ్లూ నువ్వు నిజంగానే టూర్లో ఉన్నావు. నేను బయల్దేరిన సాయంత్రం నీ కారు గేటులోకి రావడం బస్సులోంచి చూశాను. ఇద్దరికీ తీరిక లేకపోయింది, ఏం చేస్తాం.

శిక్షణ బాగా జరిగింది. మైకుకి కీబోర్డు మీద ఒక్కో అక్షరం వెతుక్కోవడానికే చెమటలు పట్టాయి. "అరిస్తే వినే కంప్యూటర్ లేదా అన్నా?" అన్నాడు. అయినా వదల్లేదు. నేర్చుకుని, లేత్ వాళ్లకి తనే నేర్పాడు. పని ముగిసిన ప్రతిసారీ అక్కడికక్కడే తెర మీద నమోదు చేయాలని వాళ్లని ఒప్పించింది నేను కాదు, అతనే.

చివరి రోజు నన్ను పక్కకి పిలిచాడు. "అన్నా, ఏ పని ఎక్కడుందో ఈ తెరే చెబుతోంది. మరి నేనెందుకు?"

"ఇన్నాళ్లూ గొంతు చించుకున్నావు. ఇకనుంచి కూర్చుని చూసుకుందువుగాని" అన్నాను.

నమ్మాడు. వెంటనే నమ్మాడు. చెల్లెమ్మ మాత్రం ఏమీ అడగలేదు. నేను మాట్లాడుతున్నంతసేపూ నా ముఖమే చూసింది.

నీ బావ


ఫ్యాక్టరీ, నా గది
నవంబరు

బావా!

గో లైవ్ అయింది, కొత్త సాఫ్ట్‌వేర్ నిజంగా పనిలోకి దిగి వారం గడిచింది. ఇల్లు అలకగానే పండగ కాదని నువ్వే అంటావు గానీ, ఇవాళ నన్ను సంతోషపడనీ.

మొదటి పొద్దున లోడింగు దగ్గర బిల్లు రాక లారీలు నిలబడిపోయాయి.  పాత పద్ధతిలో చేతితో రాసి పంపేద్దామని డిస్పాచ్ వాళ్లు అడిగితే, చెల్లెమ్మ అడ్డం నిలబడింది. "ఒక్కటి పక్కదారిన పంపితే ఇక అన్నీ ఆ దారినే పోతాయి" అంది. తెర మీద ఎక్కడో ఒక పంపు బరువు అంకె నింపలేదట. కనిపెట్టి నింపింది, లారీలు కదిలాయి. మూడో రోజుకి షెడ్డులో అరుపుల్లేవు. ఏ పంపు ఎప్పుడు తయారవుతుందో అడిగిన సేల్స్ ఆయనకు, ఫోన్లో ఉండగానే తారీకు చెప్పాను. అవతల మాట లేదు. లైను తెగిందేమో అనుకున్నాను!

మూడు ప్లాంట్లలో నిలబడింది మనదొక్కటే. డైరెక్టర్లు స్వయంగా ఫోన్ చేశారు. నీకు త్వరలో పెద్ద కబురు వస్తుంది. ఇప్పుడే చెప్పకూడదు. అక్కకి కూడా చెప్పలేదు. నేను తలెత్తుకునేలా చేశావు బావా.

నీ బావమరిది


హెడ్డాఫీసు
నవంబరు

మేనేజర్ గారికి,

నమస్కారాలు.

ఇవాళ టీ దగ్గర మా ప్రాజెక్టు నాయకురాలు నాకు అభినందనలు చెప్పారు. జనవరి నుంచి మూడు ప్లాంట్ల ప్లానింగూ ఇక్కణ్ణుంచే నడుస్తుందనీ, దానికి నేను పెద్దననీ అన్నారు. "మీ ప్లాంటు సెక్షన్లో ఇద్దర్ని తీసేయాల్సి రావడం బాధే. ఆగస్టులో మీ మేనేజర్ గారు కూడా చాలా బాధపడ్డారు" అన్నారు. నాకు తెలిసే ఉంటుందనుకున్నారు పాపం. నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టేశారు.

ఆగస్టు అంటే లిఫ్టు దగ్గర నిలబడిన రోజే కదా.

ఇట్లు,
ప్లానింగ్


ఇల్లు
నవంబరు చివర

బావా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు.

ఏప్రిల్లో నేనన్న మాట అబద్ధం కాదు. అప్పుడు నాకు చెప్పింది అదే. రెండో ప్లాంటు దెబ్బతిన్నాక పైవాళ్ల లెక్క మారింది. ఖర్చు ఎక్కడో తగ్గించి చూపించాలన్నారు. అంతా ఒకచోటికి తెస్తే ప్లాంటుల్లో ప్లానింగ్ అక్కర్లేదన్నారు. వాదించాను. "ఇప్పుడు చెబితే మీ జనం మళ్లీ దాచుకుంటారు, మీ ప్లాంటూ మునుగుతుంది. అప్పుడు ఇద్దరు కాదు, ఎంతమంది పోతారో చూసుకోండి" అన్నారు. పెద్ద కుర్చీ నీకివ్వమని అడిగి ఒప్పించింది నేనే. అది చూసుకుని నా మనసుకి సర్దిచెప్పుకున్నాను. మింగలేక కక్కలేక ఈ నెలలన్నీ గడిపాను.

నీకొక్కడికైనా చెప్పాల్సింది. చెబితే నువ్వు వాళ్ల ముందు నిలబడి శిక్షణ ఇవ్వలేవని తెలుసు. నువ్వు ఇవ్వకపోతే ఇది నిలబడదనీ తెలుసు. అందుకే చెప్పలేదు. రాస్తుంటే ఇది ఎంత నీచంగా ఉందో కనిపిస్తోంది.

అక్కకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. కూరగాయల కత్తి పక్కన పెట్టింది. "నువ్వు చెప్పకపోవడం సరే తమ్ముడూ. మరి ఆయనెందుకు అడగలేదు? ఎదుటివాడి ముఖం చూస్తే మనసు చదివే మనిషి కదా" అంది. ఆ ప్రశ్న నీకే పంపుతున్నాను.

బావమరిది


హెడ్డాఫీసు
జనవరి

బావమరిదీ,

మీ అక్క ప్రశ్నకి జవాబు నా దగ్గరుంది.

సెక్యూరిటీ ఆయన లిఫ్టు సంగతి చెప్పిన రోజే నా మనసులో ఏదో గుచ్చుకుంది. నీ తలనొప్పి ఉత్తరం చూశాక ఇంకా గట్టిగా గుచ్చుకుంది. నువ్వు పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, నీకు తలనొప్పి ఎప్పుడొచ్చింది? ఒక్క ఫోన్ చేసి "నిజం చెప్పరా" అంటే చెప్పేసేవాడివి. అందుకే చేయలేదు. చెబితే నేను శిక్షణ ఇవ్వలేను. ఇవ్వకపోతే ఇన్ని నెలలుగా ఆ గదిలో కట్టుకున్నది కూలిపోతుంది. అది కూలడం నేను చూడలేకపోయాను. ఆ పనిని అంతగా ప్రేమించాను. అనుమానం కడుపులో పెట్టుకునే మైకుతో "కూర్చుని చూసుకుందువుగాని" అన్నాను. కాబట్టి నువ్వొక్కడివే మోయకు.

వాళ్లిద్దరి దగ్గరికీ నేనే వెళ్లాను. నువ్వూ వస్తానన్నావట, మీ అక్క చెప్పింది. వద్దనుకున్నాను.

చెల్లెమ్మ తలుపు తీయగానే "తెలుసు అన్నయ్యా" అంది. "శిక్షణ రోజు మీ గొంతు అదోలా ఉంది. మీరెప్పుడూ గట్టిగా మాట్లాడరు, ఆ రోజు మాట్లాడారు."

"తెలిసీ లారీలకు అడ్డం నిలబడ్డావా అమ్మా?"

"లెక్కలు చెడగొడితే నా మనసు ఊరుకుంటుందా?" అంది. లోపలికి రమ్మంది. వెళ్లలేకపోయాను.

మైకు మొదట నమ్మలేదు. "జోకులు చాలు అన్నా" అన్నాడు. తర్వాత అడిగింది ఒక్కటే. "నేను బల్లెక్కి అరిచాను గదన్నా. నా మాట విని వాళ్లంతా తెచ్చి పోశారు. ఇప్పుడు షెడ్డులో వాళ్ల ముఖం ఎట్లా చూసేది?" తన ఉద్యోగం గురించి అడిగుంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఏరు దాటాక తెప్ప తగలేశామంటారు కదా. తెప్ప మాట అటుంచు, తెడ్డు వేసినవాణ్ణే తోసేశాం.

ఇద్దర్నీ నాతో ఇవ్వకపోతే ఆ కుర్చీ నాకొద్దని డైరెక్టర్లతో చెప్పాను. ఒక్కరినిస్తామన్నారు. నేను ఊరుకున్నాను. కుర్చీ వద్దనలేదు. లేచి వచ్చేస్తానని వెళ్లినవాణ్ణి, సంతకం పెట్టి వచ్చాను. చెల్లెమ్మ ఇక్కడ హాస్టల్లో ఉండి, వారం చివర పిల్లల దగ్గరికి వెళ్లొస్తోంది. మైకు వెళ్లిపోయాడు. కలప అడితిలో చేరాడని విన్నాను.

మీ అక్క సామాను సర్దుకుని ఇక్కడికి వచ్చేసింది. ఇల్లు బాగుంది, గదికో కిటికీ ఉంది.

బావ


ఫ్యాక్టరీ, నా గది
మే

బావా,

ఇన్ని నెలల తర్వాత రాస్తున్నాను. మొహం చెల్లక రాయలేదు.

ఇక్కడ లెక్కలు మళ్లీ పాడవుతున్నాయి. నీ తెర మీద కూడా కనిపిస్తూనే ఉండాలి. తెరలో ఉన్న షాఫ్టులు షెడ్డులో లేవు, తెరలో లేనివి షెడ్డులో దొరుకుతున్నాయి. పని ముగిసిన వెంటనే నమోదు చేయడం మానేశారు. వారం చివర ఎవరో ఒకరు కూర్చుని అంకెలు నింపుతున్నారు. అడిగితే ఎదురు చెప్పరు, తల ఊపుతారు. డైరెక్టర్లు ఇంకో శిక్షణ పెట్టమన్నారు, పెట్టాను. బోర్డమ్మ వచ్చి రెండు రోజులు చూసి, "ఇది సాఫ్ట్‌వేర్ జబ్బు కాదు" అని వెళ్లిపోయింది.

స్టోర్స్ పెద్దాయన్ని కూర్చోబెట్టి అడిగాను. "తప్పు ఎవరిదీ కాదు సార్. లెక్క బాగా చెప్పినవాడే ముందు పోయాడు గదా. జనానికి ఆమాత్రం లెక్క తెలీదా?" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. నువ్వొకసారి వచ్చి వాళ్లతో మాట్లాడవా? నేను మాట్లాడితే గోడతో మాట్లాడినట్టుంది. నీ మాట వింటారు.

బావమరిది


హెడ్డాఫీసు
జూన్

బావమరిదీ,

నువ్వు డైరెక్టర్ల మీటింగులో ఉన్న రోజు చూసుకునే వచ్చి వెళ్లాను. నీ ముందు మాట్లాడటం నావల్ల కాదనిపించింది.

షెడ్డులోకి వెళ్లగానే యంత్రాలు ఆపి అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. టీ ఇచ్చారు. అన్నీ మర్యాదగానే జరిగాయి. ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. ముందు తప్పు ఒప్పుకోవాలి, ఆ తర్వాత ఇకమీదట ఇలా జరగదని చెప్పాలి. ఒప్పుకోవడం వరకు చెప్పగలిగాను. "ఇకమీదట" అన్నాక నోట మాట రాలేదు. నేనేమని పూచీ పడను? డైరెక్టర్లు రేపేమనుకుంటారో నాకు తెలుసా, నీకు తెలుసా?

మెషిన్ షాప్ ఫోర్‌మన్ "అలాగే సార్, లెక్కలు జాగ్రత్తగా రాస్తాం" అన్నాడు. ఆ షెడ్డులో నన్ను అన్నా అనకుండా సార్ అన్నవాళ్లు ఇంతకుముందు ఒక్కరూ లేరు. మిగతావాళ్లు కూడా "అలాగే సార్" అన్నారు. నేను టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే గేటు దాకా వచ్చేశాను.

తిరిగొస్తూ అడితి దగ్గర బస్సు దిగాను. మైకు దుంగల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు, దుమ్ము దులిపి చోటిచ్చాడు. ఇంట్లోవాళ్ల సంగతులు చెప్పుకున్నాం.  రంపం మోతలో అతను చిన్నగా మాట్లాడుతుంటే నాకు సగం వినబడలేదు. మళ్లీ చెప్పమనడానికి మనసొప్పలేదు.

లెక్కలు మెల్లగా బాగుపడతాయేమో. కొత్తవాళ్లు చేరితే, పాతవి తెలియనివాళ్లు చేరితే. అంతకన్నా వేరే దారి నాకు తోచడం లేదు.

మీ అక్క రోజూ నీ మాట ఎత్తుతోంది. ఆదివారం భోజనానికి రా. ఫ్యాక్టరీ ఊసు మాత్రం వద్దు. అది లేకుండా మనిద్దరం ఏం మాట్లాడుకుంటామో నాకూ తెలియదు. అయినా రా.

బావ